మిరప కల్లంలో మా ఆడబిడ్డ చదువు

మా ఆడబిడ్డ సూది వేస్తే నొప్పి తెలియదని మా చుట్టుపక్కల పేరు. బూర్గంపాడు దాటి మా ఊరి వైపు వస్తుంటే ఉండే సర్కారు దవాఖానాలో ఆమె నర్సు. పిల్లలు ఏడవడానికి నోరు తెరిచేలోపల సూది దిగడం, బయటికి రావడం, దూది పెట్టడం అన్నీ అయిపోయేవి. ఏడుపు ఆ తర్వాత వచ్చేది, అదీ అలవాటు కొద్దీ. నేను కాపురానికి వచ్చేనాటికి ఆమె రెండు జడలు వేసుకుని బడికి పోయే పిల్ల. తల దువ్వింది నేను, జ్వరం వస్తే పక్కన పడుకున్నది నేను. ఆడబిడ్డ అన్న మాటే గానీ నా లెక్కలో నా పెద్దబిడ్డ ఆమే.

అట్లాంటి మనిషి ఒకనాడు డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, "వదినా, నేను హైదరాబాద్ పోతున్న. ఏడాది చదువు" అంది. నర్సు చదువు అయిపోయి కొలువు చేస్తున్న వాళ్ళలో కొందరిని ఏరి, దాని మీద ఇంకో చదువు చెప్పిస్తారట. మనసు జబ్బుల చదువు.

మా అత్త పొయ్యి ముందు నుంచి లేవకుండానే అడిగింది. "మనసు జబ్బేందే? పిచ్చోళ్ళ దవాఖానా అనరాదు?"

"అవ్ అమ్మా, గదే అనుకో."

"సూది ఏసేదానివి మంచిగనే ఉంటివి గదనే. ఇగ మాటలు ఏస్తవా? పిచ్చి దవాఖానా నర్సంటే ఏ ఇంటోళ్ళు చేసుకుంటరు నిన్ను?"

"నీకొచ్చే అల్లుడు పిచ్చోడైతే మందు ఇంట్లనే ఉంటది. పరేషాన్ ఎందుకే నీకు?"

అత్త నవ్వు దాచుకోవడానికి ఊదుగొట్టం తీసుకుని పొయ్యి ఊదింది.

నాతో మాత్రం ఆ పిల్ల నిజం చెప్పింది. నిద్ర పట్టట్లేదని, గుండె దడదడలాడుతుందని, కాళ్ళూ చేతులూ గుంజుతున్నాయని, అన్నం సయించట్లేదని దవాఖానాకు ఎందరో వస్తారు. అందరూ అడిగేది బలానికి సూది. ఈమె వేస్తుంది. వాళ్ళు వారం తిరగ్గానే మళ్ళీ వస్తారు. "సూది గుచ్చినకాడ నొప్పి లేకుండ చేసుడు నాకొచ్చు వదినా. అసలు నొప్పి ఏడుందో నాకు తెల్వది" అంది. కొత్తగూడెం పోయి రైలెక్కించి వచ్చాం. అత్త కారప్పొడి డబ్బా, చింతకాయ తొక్కు జాడీ సంచిలో కుక్కింది. పిచ్చోళ్ళ చదువని తిడుతూనే కుక్కింది.

మళ్ళీ ఇంటికి వచ్చింది మిరప కోతలప్పుడు. కొన్నాళ్ళు సెలవు దొరికిందంది. బుగ్గలు లోపలికి పోయాయి. సంచినిండా పుస్తకాలు తెచ్చి గూట్లో పెట్టింది గానీ ఒక్కటీ తెరవలేదు. ఏందమ్మా అంటే ఏం లేదంది. నేనూ గుచ్చి అడగలేదు. ఒక పొద్దున ఆముదం వెచ్చబెట్టి, ఆమెను గడప మీద కూర్చోబెట్టి, వెనకాల పీట వేసుకుని తలకు అంటుతుంటే తనే మొదలుపెట్టింది.

"మా మేడమ్ ఏమన్నదో ఎరుకేనా? నువ్వు ఒక్క ఊపిరిల మూడు ప్రశ్నలడిగి, నాలుగోదానికి జవాబు నువ్వే చెప్తున్నవ్ అన్నది. అందరి ముందట."

నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ అంతే. అన్నం తిన్నవా వదినా, ఏం కూర, పప్పా, పప్పే అయ్యుంటది అని పోయేది.

"నవ్వకు వదినా. సూదైతే నరం దొరుకుతది. మనిషి లోపలిది ఏడ పట్టుకోవాలె నేను? ఈ సెలవుల్ల మన దిక్కు మనిషి ఒకల్ల కష్టం మొదటి నుంచి విని, అర్థం చేసుకొని, పోయి అందరి ముందట నిలబడి చెప్పాలె. అది లేకుంటే పరీక్షకు కూసోనియ్యరు. నేను పోను వదినా. మన దవాఖానల నా సూది నేను ఏసుకుంట."

పోనని ఆ పిల్ల చెప్పిన మాట అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. తిరిగి పోతేనే బాగుండునని నా మనసు గట్టిగా కొట్టుకుంది. పైకి మాత్రం, "చూద్దాంలే, ముందు తలకు అంటనీ" అన్నాను.

ఆ రోజుల్లోనే మా మిరప తోటకు గూడెం నుంచి కోతకు వచ్చేవాళ్ళలో ఒక అత్తాకోడళ్ళు ఉండేవారు. కోడలిది చిన్న వయసు, చంకబిడ్డ తల్లి. బిడ్డ ఎప్పుడూ ముసలామె చంకలోనే ఉండేది. కోడలు మాట్లాడదు, నవ్వదు, తెచ్చుకున్న జావ సగం తాగి పారబోస్తుంది. పని మాత్రం ఒంచిన నడుము ఎత్తకుండా చేస్తుంది. ఒకనాడు ముసలామె మా ఇంటికి వచ్చి ఆడబిడ్డను పట్టుకుంది.

"సిస్టరమ్మా, మా కోడలికి ఒక బలం సూది ఎయ్యమ్మా. రాత్రంత కూసోనే ఉంటది. గాలి సోకిందేమోనని ఏరుదాటి పోయి తాయెత్తు గూడ కట్టిచ్చినం."

సూది వెయ్యను, ముందు మాట్లాడతానంది మా పిల్ల. ఎంతైనా నేర్చుకున్న చదువు కదా. వసారాలో రెండు ఇనుప కుర్చీలు ఎదురెదురుగా వేసింది. మధ్యన మా ఆయన లెక్కలు చూసుకునే బల్ల పెట్టింది. కాయితం, కలం తీసుకుని, నోట్లోంచి మూడు ప్రశ్నలు ఒక్కసారి రాకుండా పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. కోడలు కుర్చీ అంచు మీద, ఏ క్షణమైనా లేచి పారిపోయేటట్టు కూర్చుంది.

"రాత్రిపూట నిద్ర పడుతున్నదా?"

"రాత్రి మేం ఎటూ పోలేదమ్మా."

"పోవుడు కాదు. పండుకుంటే నిద్ర వస్తదా అని."

"మా ఆయన గూడ ఎటూ పోలే. ఇంట్లనే ఉన్నడు."

"సరే. ఇంట్ల ఏమన్న బాధ ఉన్నదా?"

"మా ఇంట్ల గొడ్డలే లేదమ్మా. కావాలంటే వచ్చి చూసుకోండ్రి."

లోపల మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. అడవి అంచు ఊళ్ళలో ఒక మనిషి కుర్చీలో కూర్చుని, ఎదుట ఇంకో మనిషిని కూర్చోబెట్టి, అడుగుతూ కాయితం మీద రాసుకుంటుంటే దాని అర్థం ఒక్కటే. ఫారెస్టు కేసు. టేకు దుంగ పోయిందనో, పోడు కొట్టారనో గార్డు వచ్చి పంచనామా రాసుకుంటున్నాడని. ఏది అడిగినా లేదనడం, కాదనడం వాళ్ళకు ఉగ్గుపాలతో వచ్చిన తెలివి. ఆ కోడలు కూడా అన్నిటికీ లేదని చెప్పి, దండం పెట్టి, గండం గడిచినట్టు వెళ్ళిపోయింది.

ఆడబిడ్డ కాయితం చించి పొయ్యిలో పడేసింది. "చూసినవా వదినా? నాకు రాదని చెప్పలేదా?" ఆ సాయంత్రమే గూట్లోంచి పుస్తకాలు దించి, పాత చీరలో మూట కట్టి అటక మీద పెట్టింది. మూట ఎక్కడ పెట్టిందో నేను మాత్రం చూసి పెట్టుకున్నాను.

తెల్లారేసరికి ఆకాశంలో మబ్బులు. కల్లం నిండా కాయ ఆరబోసి ఉంది. ఎండిన మిరపకాయ మీద వాన పడితే నల్లబడి, బూజు పట్టి ఎందుకూ పనికి రాదు. తాలు కాయ ఏరి, ఎర్రకాయను బస్తాలకెత్తాలి, అదీ జల్దీగా. తాలు అంటే తెల్లబారిన, మచ్చలు పడిన కాయ. దాన్ని చేత్తో ఏరాల్సిందే. ఇంట్లో కాలూ చెయ్యీ ఆడేవాళ్ళందరం పోయాం. మా అత్త కూడా పీట చంకన పెట్టుకుని వచ్చింది. ఆడబిడ్డను నేనే లాక్కుపోయాను.

తాలు ఏరేటప్పుడు ఎవరూ ఎదురెదురుగా కూర్చోరు. గాలి వీపుకు తగిలేటట్టు ఒకే వరుసలో, అందరూ ఒక దిక్కు తిరిగి కూర్చోవాలి. ఘాటు ముందుకు పోవాలి కదా మరి. ముక్కుకూ నోటికీ కొంగు కట్టుకుంటాం. కళ్ళు మాత్రం ఎవరూ కట్టుకోలేరు కాబట్టి అందరి కళ్ళూ కారుతూనే ఉంటాయి. మా దిక్కు ఆడవాళ్ళు ఏడాది పొడుగునా దాచుకున్న ఏడుపు తాలు ఏరేటప్పుడు ఏడ్చుకుంటారు. ఎందుకేడుస్తున్నావని అక్కడ అడిగేవాళ్ళుండరు.

వరుసలో ఖాళీ ఎక్కడుంటే అక్కడ కూర్చున్నాం. నాకూ ఆ గూడెం కోడలికీ మధ్యన మా ఆడబిడ్డ పడింది. ఏళ్ళ తరబడి దవాఖానాలో ఉన్న మనిషి, ఘాటు అలవాటు తప్పిపోయింది. నోరు తెరిస్తే దగ్గు, మూస్తే తుమ్ము. ఏదో చెప్పబోయి పొలమారి, కొంగు ఇంకా బిగించి కట్టుకుంది.

"మందు దొరికింది దీని నోటికి," అంది మా అత్త వరుస చివర నుంచి. "ఇన్నేండ్ల సంది తెల్వకపాయె." వరుసంతా నవ్వింది.

మధ్యాహ్నం బువ్వకు లేచాం. కల్లం చివర తుమ్మచెట్టు కింద నేను పుల్ల మజ్జిగ కుండ పెట్టేదాన్ని. మిరప మంటకు నీళ్ళు పనికిరావు, మజ్జిగతో చేతులు రుద్దుకోవాలి. చంటిపిల్లల తల్లులు ఇంకాస్త ఎక్కువ పోయించుకుని, మోచేతుల దాకా రుద్దుకుని, వాసన చూసుకుని, అప్పుడు బిడ్డను ఎత్తుకునేవాళ్ళు. మిరప చేతులతో బిడ్డను ముట్టరాదు. కంట్లో పడితే ఇంకేముంది?

ముసలామె బిడ్డను తెచ్చి కోడలి ఒడిలో తనే ఒదిగించి, తనే పట్టుకుని, పాలు తాగించింది. కోడలు రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, ఎటో చూస్తూ కూర్చుంది. ఆ సీజను మొదలైనప్పటి నుంచీ రోజూ నేను చూస్తున్నదే. ఎంత జాగ్రత్త గల తల్లి అని ఒకరిద్దరికి చెప్పాను కూడా.

ఆడబిడ్డ బువ్వ ముద్ద చేతిలో పట్టుకుని అటే చూస్తోంది. తినడం లేదు. మెల్లగా నా చెవి దగ్గరికి వచ్చింది.

"వదినా, ఆమె ఎప్పుడన్న నీ మజ్జిగతోని చేతులు కడుక్కున్నదా?"

నేను ఆలోచించాను. మజ్జిగ పోసేది నేనే. ఎవరికి ఎంత పోశానో నాకు గుర్తుంటుంది. ఆ చేతులు నా కుండ కిందికి రాలేదు. ఒక్కనాడూ రాలేదు.

"మంట తెలియదేమో అనుకున్న అమ్మాయ్."

ఆ పిల్ల ముద్ద కంచంలో పెట్టి లేచిపోయి, కోడలి పక్కనే మళ్ళీ తన చోట కూర్చుంది.

పొద్దు వాలుతోంది. మబ్బు బెదిరిస్తోంది గానీ చినుకు లేదు. చేతులు ఆడుతున్నాయి, ఎర్రకాయ ఒక దిక్కు, తాలు ఒక దిక్కు. ఆడబిడ్డ చేతులు అలవాటు లేక మండిపోతున్నాయేమో, మాటిమాటికీ గాలికి ఆడిస్తోంది. అప్పుడు కోడలు, తల తిప్పకుండా, కుప్ప వైపే చూస్తూ అడిగింది.

"మండుతున్నయా సిస్టరమ్మా?"

మా పిల్ల ఊఁ అంది. అంతకంటే నోరు తెరిస్తే దగ్గు.

"మండనీ. మండితేనే మంచిగుంటది నాకైతే."

ఊఁ.

"మిరప చేతులతోని బిడ్డనెత్తుకొమ్మని ఎవరూ అనరు."

నా చేతిలో కాయ జారిపోయింది. ఆడబిడ్డ ఏరుతూనే ఉంది. ఊఁ అని మాత్రం అంది. ఆ ఊఁ వెంబడి కోడలు కొంచెం కొంచెంగా, ఒక కాయ ఏరినంత సేపటికి ఒక మాట చొప్పున, చెప్పుకొచ్చింది. అంతా నేను రాయను. బిడ్డ పెద్దదయ్యాక కోడలు తనే సరే అన్నంత మటుకే రాస్తున్నాను. ఈ బిడ్డకు ముందు ఒక బిడ్డ ఉండేదట. కాళ్ళు చాపి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, అందరం పోసినట్టే ఆమె ఒకనాడు నీళ్ళు పోసింది. ఆ రాత్రి జ్వరం. బండి కట్టి దవాఖానాకు తెచ్చేలోపల దోవలోనే పోయింది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. తనకు తనే అనుకుంది, ఈ చేతుల వల్లే పోయిందని. ఈ బిడ్డ పుట్టాక, చేతులు బిడ్డ మీదికి పోతే చాలు ఒళ్ళంతా చెమట, గుండె ఆగిపోయినట్టు. కోతలు మొదలైనాక కాస్త ఊపిరి ఆడుతోందట. కోతలు అయిపోతే చేతులకు ఏం సాకు చెప్పాలో తెలియట్లేదంది.

నా నోటి దాకా వచ్చింది, నీ తప్పేముందే తల్లీ అని, జ్వరం వస్తే ఎవరు ఆపగలరని. నోరు తెరవబోయాను. ఆడబిడ్డ ఎడమ చెయ్యి వచ్చి నా మోకాలి మీద గట్టిగా నొక్కింది. ఆగిపోయాను. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పే పిల్ల నా నోరు మూయించడం అదే మొదలు. ఆమె కళ్ళు ధారగా కారుతున్నాయి. కోడలివీ కారుతున్నాయి. నావీ, మా అత్తవీ, వరుసలో అందరివీ కారుతున్నాయి.

సాయంత్రం బస్తాలు కుట్టాక మా పిల్ల కుండ దగ్గరికి పోయి, గిన్నె కోడలి చేతికిచ్చింది. "నావి బాగ మండుతున్నయి. జర పోస్తవా?" కోడలు గిన్నె తీసుకుని పోసింది. పోస్తుంటే తన వేళ్ళ మీదుగా కూడా కారింది. నేను కుండ ఇంకాస్త వంచాను.

ఆ రాత్రి వాన రాలేదు. మబ్బు ఊరికే బెదిరించి గోదారి దాటిపోయింది.

తర్వాత రోజుల్లో ఆడబిడ్డ కోడలిని మా దవాఖానా డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నిద్ర పట్టడానికి, బెదురు తగ్గడానికి ఆయన మాత్రలు ఇచ్చాడు. రోజూ పొద్దున గూడెం కూడా పోయేది, బిడ్డకు నీళ్ళు పోసే వేళకు. ముసలామె కాళ్ళు చాపుకుని బిడ్డను పడుకోబెట్టుకుంటే, కోడలిని పక్కన కూర్చోబెట్టి చెంబు పట్టుకొమ్మనేది. మొదటి రోజు చెంబు పట్టుకుంది, అంతే. నీళ్ళన్నీ నేలపాలయ్యాయి. "ఇయ్యాల్టికి చాలు" అని మా పిల్ల లేచి వచ్చింది. ముసలామె గొణిగింది, "సూది ఏస్తే అయిపోవు గదమ్మా, గింత దూరం నడుసుడెందుకు?" సెలవు అయిపోయే ముందు రోజు మాత్రం కోడలు బిడ్డ కాళ్ళ మీద ఒక్క చెంబు పోసిందట. గోరువెచ్చగా ఉన్నాయో లేదో ముందు తన మోచేతి మీద చూసుకుని మరీ పోసిందట. ఆ మాట చెప్తూ మా ఆడబిడ్డ వాకిట్లో నిలబడి ఏడ్చింది. మిరపకాయ దగ్గర్లో ఎక్కడా లేదు.

నేను అటక మీది మూట ఎప్పుడో దించి, దుమ్ము దులిపి పెట్టాను. విప్పుతుంటే ఆమె ఒక పుస్తకం తెరిచి ఒక పేజీ చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"ఏందే?"

"ఇందులనే ఉన్నది వదినా. ఎదురుగ కూసోవద్దు, పక్కకు కూసోవాలె, వాళ్ళు ఊరుకుంటే మనం గూడ ఊరుకోవాలె అని. చదివిన. చదివి కింద గీత గూడ కొట్టిన. అయినా కుర్చీలు చూడంగనే ఎదురుగనే ఏసిన."

"రాసినోళ్ళు కల్లంల కూసున్నరేమోనే ఎప్పుడన్న," అంది మా అత్త.

"కూసునే ఉంటరు. ఏదో ఒక కల్లంల."

తిరిగి పోయింది. ఈసారి రైలు కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది, ప్లాట్‌ఫారం అయిపోయేదాకా. అక్కడ అందరి ముందు నిలబడి కోడలి కథ చెప్పింది, పేరు చెప్పకుండా. మేడమ్ ఏమీ అడ్డు తగలకుండా చివరిదాకా విని, బిడ్డ ఇప్పుడెట్లా ఉందని అడిగిందట. అదే మెప్పు అనుకోవాలంది మా పిల్ల.

చదువు ముగించి మళ్ళీ మా దవాఖానాకే వచ్చింది. అప్పటికి మళ్ళీ కోతలు. మధ్యాహ్నం నా కుండ కిందికి మొదట వచ్చిన చేతులు గూడెం కోడలివి. మోచేతుల దాకా రుద్దుకుని, వాసన చూసుకుని, మళ్ళీ పోయమంది. నడక వచ్చిన ఆడపిల్ల ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగుతోంది. "ఆగవే, మండుతది" అని తిట్టింది. ఆ తిట్టు నా చెవికి ఎంత బాగుందో.

డాక్టరును అడిగి, మనసు బాగాలేనివాళ్ళ కోసం బుధవారాలు దవాఖానా వెనక వసారా తీసుకుంది మా ఆడబిడ్డ. కుర్చీలు వద్దంది. గోడ పొడుగునా ఒక బెంచీ వేయించుకుంది. దవాఖానాలో మిరపకాయలు పెట్టనిస్తారా? అందుకని మా ఇంటి చింతపండు బుట్టతో పట్టుకుపోయేది. వచ్చినవాళ్ళూ ఆమే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని గింజ తీసేవాళ్ళు. డాక్టరు మొదట్లో ఇది దవాఖానానా వంటిల్లా అని గునిసి, తర్వాత తన ఇంటి చింతపండు కూడా పంపాడు.

"మంచి చదువు చదివింది నా బిడ్డ," అనేది మా అత్త, బుధవారం సాయంత్రం బుట్ట దించుకుంటూ. "కూలి లేకుండ గింజ తీపిచ్చుకొస్తున్నది."

అలా అంటూ అంటూనే ఒక బుధవారం, నడుము నొప్పికి మందు తెచ్చుకుంటానని, తనే బుట్ట చంకనపెట్టుకుని వెంట పోయింది. చాలాసేపటికి ఇద్దరూ వచ్చారు. అత్త కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఏమి చెప్పుకుందో, ఎవరిని తలుచుకుందో నేను అడగలేదు, ఆడబిడ్డ చెప్పలేదు. అత్తకు మజ్జిగ కలిపి ఇచ్చి, ఆమె పక్కనే గడప మీద కూర్చున్నాను. తాలు ఏరేటప్పటి లెక్కనే ఇద్దరం వీధి వైపు తిరిగి కూర్చున్నాం.